ఆ రాత్రి ఏ రాత్రి?

1993లో అమెరికాలోని బ్లూ నోట్ కంపెనీ ఒక సీడీ విడుదల చేసింది. అందులో పియానో థెలోనియస్ మంక్‌ది, సాక్సోఫోన్ జాన్ కోల్ట్రేన్‌ది. జాజ్ సంగీతం తెలిసినవాళ్లకు ఈ రెండు పేర్లు పక్కపక్కన కనిపిస్తే చాలు, ఒళ్లు పులకరిస్తుంది. తెలియని శ్రోతల కోసం కొంచెం వివరంగా చెప్తాను. 1957లో న్యూయార్క్‌లో ఫైవ్ స్పాట్ అనే చిన్న కెఫే ఉండేది. జూలై నుంచి ఏడాది చివరిదాకా వీళ్లిద్దరూ అక్కడ కలిసి కచేరీలు చేశారు. విన్నవాళ్లు ఆ రాత్రుల గురించి జీవితాంతం చెప్పుకున్నారు. విననివాళ్లకు ఆ చెప్పుకున్న మాటలే మిగిలాయి. ఎందుకంటే మంక్ ఒక కంపెనీకి రాసిచ్చిన కళాకారుడు, కోల్ట్రేన్ ఇంకో కంపెనీకి రాసిచ్చినవాడు. అందువల్ల వీళ్లిద్దరూ ఉన్న నలుగురి బృందం స్టూడియోలో వాయించినవాటిలో మూడు పాటలే బయటికొచ్చాయి, అవీ 1961లో. కెఫేలో వాయించింది మాత్రం గాలిలో కలిసిపోయిందనే అందరూ అనుకున్నారు.

అలాంటప్పుడు 1993లో ఆ సీడీ వచ్చింది. కోల్ట్రేన్ భార్య నైమా ఇంట్లో వాడుకునే చిన్న టేప్ రికార్డర్ తీసుకెళ్లి, ఒకే ఒక్క మైకుతో ఫైవ్ స్పాట్‌లో పట్టిన టేపు అది. శబ్దం మసకగా ఉంటుంది. అయినా దొరికిందే మహాభాగ్యం అనుకుని కళ్లకద్దుకున్నారు. సీడీ మీద సంవత్సరం 1957 అని వేశారు.

అది 1957 కాదు.

ఈ సంగతి తర్వాత తేలింది. ఆ టేపులో డ్రమ్స్ వాయిస్తున్నది రాయ్ హేన్స్. 1957లో మంక్ దగ్గర డ్రమ్స్ వాయించినవాడు షాడో విల్సన్. హేన్స్ ఆ బృందంలో కుదురుకున్నది 1958లో. ఆ ఏడాది వేసవిలో మంక్ మళ్లీ ఫైవ్ స్పాట్‌లోనే ఉన్నాడు, సాక్సోఫోన్ మీద జానీ గ్రిఫిన్ ఉన్నాడు. గ్రిఫిన్ రాని ఒక రాత్రి ఆయన స్థానంలో కోల్ట్రేన్ వచ్చి కూర్చున్నాడు. పరిశోధకులు చివరికి తేల్చిన తేదీ 1958 సెప్టెంబరు 11. టేపు వేగం కూడా సరిగ్గా లేదని తేలింది. తర్వాత వచ్చిన విడుదలలో దాన్నీ సరిచేశారు.

ఏడాది తేడాకి ఇంత పట్టింపా అని మీకు అనిపించవచ్చు. ఇక్కడ ఆ ఏడాదే సర్వస్వం. 1957 వసంతంలో కోల్ట్రేన్ హెరాయిన్ అలవాటులో మునిగిపోయి ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ బృందంలో కొలువు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత పట్టుదలగా ఆ అలవాటు మానాడు. మంక్ ఇంటికి వెళ్లి ఆయన రాసిన కష్టమైన బాణీలు పియానో పక్కన నిలబడి నేర్చుకున్నాడు. 1958 నాటికి ఆయన వేరే మనిషి. అప్పటికే మైల్స్ దగ్గరికి తిరిగి వెళ్లి, స్వరాలను జలపాతంలా దూకించే తన శైలిని సాధించాడు. ఆ సెప్టెంబరు టేపును 1957దిగా వింటే, నేర్చుకుంటున్న శిష్యుణ్ని వింటున్నామని భ్రమపడతాం. నిజానికి వింటున్నది నేర్చుకోవడం ముగించినవాణ్ని. తేదీ తప్పయితే చెవి కూడా తప్పు వింటుంది. నేను ఈ ప్రసంగానికి ఒప్పుకున్నది ఈ ఒక్క మాట చెప్పడానికే.

అసలైన 1957 మనకు దక్కింది 2005లో. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో లారీ ఆపిల్‌బామ్ అనే ఇంజనీరు ఉండేవారు. వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్ల పాత టేపులు అక్కడ భద్రపరిచారు. అవి పాడైపోకముందే డిజిటల్‌లోకి ఎక్కించడం ఆయన పని. ఒకరోజు చేతికొచ్చిన డబ్బాల మీద కార్నెగీ హాల్ జాజ్ కచేరీ, 1957 నవంబరు 29 అని ఉంది. ఒకదాని మీద చేతిరాతతో టి. మంక్ అని ఉంది. టేపు తిప్పారు. పియానో మంక్‌దే. పక్కన వినిపిస్తున్న సాక్సోఫోన్ ఎవరిదో ఆపిల్‌బామ్ చెవికి చెప్పాల్సిన పని లేకపోయింది. హార్లెమ్‌లోని ఒక సేవాసంస్థ కోసం జరిగిన ఆ కచేరీలో బిల్లీ హాలిడే, డిజ్జీ గిలెస్పీ, రే చార్ల్స్ కూడా ఉన్నారు. ఒకే రాత్రి రెండు ఆటలు. మంక్ బృందం రెండింట్లోనూ వాయించింది. బాస్ మీద అహ్మద్ అబ్దుల్ మాలిక్, డ్రమ్స్ మీద షాడో విల్సన్. ఈసారి డ్రమ్మర్ సరైనవాడే.

ఆ టేపు 48 ఏళ్లు ప్రభుత్వం చేతిలోనే ఉంది. ఎవరూ దొంగిలించలేదు, దాచలేదు. వాయిస్ ఆఫ్ అమెరికా పరదేశాల శ్రోతల కోసం పెట్టిన రేడియో. 1948 నాటి చట్టం ప్రకారం ఆ కార్యక్రమాలను అమెరికాలో ప్రసారం చేయకూడదన్న నియమం 2013 దాకా ఉండేది. విల్లిస్ కనోవర్ 1955 నుంచి అందులో జాజ్ కార్యక్రమం నడిపారు. షార్ట్‌వేవ్ మీద ఐరోపాలోనూ ఆసియాలోనూ వినేవాళ్లు. మన దేశంలో రాత్రిపూట రేడియో ముల్లు తిప్పుతూ ఆ గొంతు కోసం వెతికినవాళ్లున్నారు. బయటి ప్రపంచం కోసం పట్టిన సంగీతం సొంతగడ్డ మీద అర్ధశతాబ్దం మూగగా పడి ఉంది. అది 2005 సెప్టెంబరులో బ్లూ నోట్ నుంచి వచ్చినప్పుడు, తయారీలో మంక్ కొడుకు కూడా పాలుపంచుకున్నాడు.

ఇలాంటి రికార్డింగుల పుట్టుక వెతికేవాళ్లు ఎలా పనిచేస్తారో ఇప్పుడు చెప్తాను. నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే.

వాళ్లు మొదట నమ్మనిది డబ్బా మీది రాత. అది చాలాసార్లు రికార్డు చేసినవాడిది కాదు, తర్వాత ఎప్పుడో కాపీ తీసుకున్నవాడిది. కాబట్టి శబ్దాన్నే సాక్ష్యం అడుగుతారు. న్యూయార్క్‌లో రాయల్ రూస్ట్ అనే క్లబ్బు నుంచి 1948, 49లలో సాక్సోఫోన్ కళాకారుడు చార్లీ పార్కర్ కచేరీలు రేడియోలో నేరుగా ప్రసారమయ్యేవి. ఇళ్లలో డిస్కు చెక్కే యంత్రాలున్నవాళ్లు వాటిని పట్టుకునేవారు. ఆ రికార్డుల్లో సింఫనీ సిడ్ అనే వ్యాఖ్యాత మాటలు వినిపిస్తాయి. ఆయన ఒక్క ముక్క అంటే చాలు, ఏ క్లబ్బో ఏ కాలమో సగం తెలిసిపోతుంది. ఒక రాత్రి పార్కర్ వైట్ క్రిస్మస్ పాట అందుకున్నాడు. అది డిసెంబరు 25. సంవత్సరం 1948. పాటే తన తేదీ తాను చెప్పుకుంది.

ఇక శ్రుతి. టేపు వేగంగా తిరిగితే లయతోపాటు శ్రుతి కూడా పెరుగుతుంది. దాదాపు ఆరు శాతం వేగం పెరిగితే శ్రుతి ఒక అరస్వరం పైకి పోతుంది. ఫలానా బాణీని ఫలానా బృందం ఎప్పుడూ ఏ స్థాయిలో వాయిస్తుందో తెలిసినవాడు ఆ తేడాను వెంటనే పట్టేస్తాడు. ఇంకో సాక్షి కరెంటు. అమెరికాలో విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తాలు, ఐరోపాలో మన దగ్గరలాగే 50. పాత యంత్రాల్లో ఆ గుంయ్‌మనే హోరు సంగీతం వెనక సన్నగా నిలిచి ఉంటుంది. 60 ఉండాల్సిన చోట 62 కనిపిస్తే టేపు ఎంత తొందరపడుతోందో లెక్కగట్టొచ్చు. న్యూయార్క్ కచేరీ అని చెప్పిన టేపులో 50 హోరు వినిపిస్తే, ఆ కాపీ ఒకసారైనా సముద్రం దాటి వచ్చిందనో, కచేరీయే అక్కడ జరిగిందనో అనుమానించాలి. రెండు హోరులూ ఉంటే యంత్రం నుంచి యంత్రానికి ఎక్కిన చరిత్ర బయటపడుతుంది.

చెవి పని అయ్యాక కాగితం పని మొదలవుతుంది. ఆనాటి పత్రికల్లో క్లబ్బులు వేసిన ప్రకటనలు, యూనియన్ కాగితాలు, వాయిద్యకారుల డైరీలు, విదేశీ పర్యటనల తేదీలు. ఫలానా వాయిద్యకారుడు ఆ వారం డెట్రాయిట్‌లో ఉన్నాడని తేలితే, అతని పేరున్న న్యూయార్క్ టేపు తేదీ కొట్టివేయాల్సిందే. ఫ్రాన్స్‌లో ఛార్ల్స్ డెలోనే 1936లోనే జాజ్ రికార్డులకు తేదీలు, వాయిద్యకారుల పేర్లతో పట్టిక అచ్చువేశారు. ఆ పని చేసేవాళ్లను డిస్కోగ్రాఫర్లు అంటారు. చాలామంది జీతంలేని మనుషులు, పగలు వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. సంగీత చరిత్ర పుస్తకాల్లో వాళ్ల పేర్లు చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటాయి. నా దృష్టిలో వాళ్ల చోటు మొదటి పేజీలో ఉండాలి.

డీన్ బెనెడెట్టి కథ ఇంకోరకం. ఆయన స్వయంగా సాక్సోఫోన్ కళాకారుడు. 1947 మార్చిలో చార్లీ పార్కర్ లాస్ ఏంజెలెస్‌లోని హై-డి-హో క్లబ్బులో వాయిస్తుంటే బెనెడెట్టి డిస్కులు చెక్కే యంత్రం మోసుకెళ్లి రికార్డు చేశాడు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో, ఈసారి కాగితపు పట్టీ మీద తయారైన టేపుతో. పార్కర్ సోలో మొదలుకాగానే యంత్రం ఆన్ చేసేవాడు. పార్కర్ ఆపగానే ఆఫ్ చేసేవాడు. పియానో, ట్రంపెట్, బాస్, ఇవేవీ ఆయనకు అక్కర్లేదు. డిస్కు ఖరీదు, నిడివి తక్కువ, ఉన్నదంతా పార్కర్‌కే. వినేవాళ్లకు ఇది అర్థంకాని మూర్ఖత్వంలా తోచవచ్చు. నాకు మాత్రం ఒకే గొంతు కోసం ప్రాణం పెట్టిన శిష్యుడి తహతహ వినిపిస్తుంది.

పార్కర్ 1955లో చనిపోయాడు. బెనెడెట్టి 1957లో ఇటలీలో చనిపోయాడు. రికార్డులు ఏమయ్యాయో ఎవరికీ తెలియలేదు. తెలియని చోట కథలు పుట్టాయి. 1973లో రాస్ రస్సెల్ రాసిన పార్కర్ జీవితచరిత్రలో బెనెడెట్టి తీగ రికార్డర్‌తో ఊరూరా పార్కర్ వెంట తిరిగిన వింత మనిషిగా కనిపిస్తాడు. పుస్తకం రమ్యంగా ఉంటుంది కాబట్టి అందరూ అదే నమ్మారు. కొంతమంది అసలు ఆ రికార్డులే లేవన్నారు. 1988లో అవి బయటపడ్డాయి. ఇన్నేళ్లూ బెనెడెట్టి సోదరుడి దగ్గరే భద్రంగా ఉన్నాయి. మోజాయిక్ అనే చిన్న కంపెనీ వాటిని కొని, 1990లో ఏడు సీడీల పెట్టెగా తెచ్చింది.

వాటిని శుభ్రంచేసి, ముక్కముక్కకీ తేదీ, క్లబ్బు, బాణీ గుర్తించిన మనిషి ఫిల్ షాప్. ఆయనా రేడియో మనిషే. కొలంబియా యూనివర్సిటీ రేడియో స్టేషన్‌లో 1981 నుంచి ఉదయంపూట ఒక్క చార్లీ పార్కర్ గురించే కార్యక్రమం చేశారు. ఒక రికార్డింగ్ సోమవారం జరిగిందా మంగళవారం జరిగిందా అన్న ఒక్క ముక్క మీద కార్యక్రమమంతా మాట్లాడగలిగేవారు. విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. 2021లో ఆయన పోయాక, ఆ సంగతులన్నీ తలలో పెట్టుకున్న ఇంకో మనిషి లేడని వాళ్లే బాధపడ్డారు.

బెనెడెట్టి రికార్డుల మీద ఇప్పుడు అనుమానాలు లేకపోవడానికి కారణం ఉంది. తీసినవాడి చేతి నుంచి కుటుంబం చేతికి, అక్కణ్నుంచి కంపెనీకి. మధ్యలో అంగడి లేదు. అన్ని రికార్డులకూ ఈ అదృష్టం లేదు. ఎక్కువ టేపులు సేకర్తల మధ్య మారకం మీద తిరిగాయి. నీ దగ్గరున్నది నాకు కాపీ ఇవ్వు, నా దగ్గరున్నది నీకిస్తాను. డబ్బు తీసుకోకూడదన్నది వాళ్లలో వాళ్లు పెట్టుకున్న నియమం. ఆ పద్ధతిలో కాపీకి కాపీ, దానికి కాపీ పోయేది. జిరాక్స్ మీద జిరాక్స్ తీసిన పట్టా కాగితంలాగా ఒక్కో తరానికీ ఒక్కో పొర మసక. అందుకే మంచి సేకర్తలు టేపుతోపాటు దాని వంశావళి రాసి ఇచ్చేవారు. మూలం ఫలానావారి స్పూలు, దాన్నుంచి క్యాసెట్, ఆ క్యాసెట్ నుంచి ఇది. నేటి డిజిటల్ కాపీల్లోనూ అదే మర్యాద పాటిస్తారు. ఎంపీత్రీ అనే కుదించిన ఫైలు నుంచి తీసి, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైలు అని పేరుపెట్టి ఇచ్చేవాడు పట్టుబడిపోతాడు. శబ్దచిత్రంలో పై స్థాయులు కత్తితో కోసినట్టు ఆగిపోయి ఉంటాయి.

మోసం కొత్తదేమీ కాదు. 1970లలో న్యూయార్క్‌లో బోరిస్ రోజ్ అనే ఆయన దశాబ్దాలపాటు రేడియో నుంచి పట్టిన కచేరీలను ఓజోన్, ఆల్టో, సెషన్ డిస్క్ వంటి తాను కల్పించిన కంపెనీ పేర్లతో ఎల్పీలుగా వేశారు. సంగీతం నిజమైనదే, అట్టల మీది సమాచారం నమ్మదగ్గది కాదు. ఆయన పట్టకపోతే కొన్ని కచేరీలు శాశ్వతంగా పోయేవన్నది నిజం. వాయించినవాళ్లకు దమ్మిడీ అందలేదన్నదీ నిజం. ఈ రెండో సంగతిని సంగీతాభిమానులు తరచుగా దాటేస్తుంటారు, నేను దాటేయలేను. రికార్డింగ్ ఏ రాత్రిదో, ఎవరు వాయించారో తేలితేనే ఎవరి కుటుంబానికి ఏం చెల్లించాలో తేలుతుంది. పుట్టుక తెలియని టేపులో కళాకారుడు కూలిలేని కూలివాడు.

పాటల పేర్ల మార్పు కూడా అట్టల మీది తప్పు సమాచారం లాంటిదే. 1941 మేలో జెర్రీ న్యూమన్ అనే కొలంబియా విద్యార్థి హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్‌లో గిటారిస్టు చార్లీ క్రిస్టియన్‌ను డిస్కు మీద పట్టాడు. ఆ వాయింపు తర్వాత స్వింగ్ టు బాప్ అనే పేరుతో ప్రసిద్ధమైంది. నిజానికి వాళ్లు వాయిస్తున్నది టాప్సీ, కౌంట్ బేసీ బృందం వాయించే బాణీ. న్యూమన్ యంత్రం తిప్పేసరికే పాట సగంలో ఉంది, మొదటి పల్లవి డిస్కులో లేదు. కొత్త పేరు కంపెనీవాళ్లు తర్వాత అతికించారు. 1941లో ఆ గదిలో ఎవరూ ఆ కొత్త శైలి సంగీతాన్ని బాప్ అని పిలవలేదు. క్రిస్టియన్ మరుసటి ఏడాదే క్షయతో చనిపోయాడు, ఆయనకు 25 ఏళ్లు. తాను వాయించినదానికి తర్వాతివాళ్లు పెట్టిన పేరు ఆయన వినలేదు.

కొన్ని మూలాలు చాలాకాలం ఎదురుచూసేలా చేస్తాయి. బిల్ సావొరీ అనే ఇంజనీరు 1930ల చివర న్యూయార్క్ రేడియో ప్రసారాలను పెద్ద డిస్కుల మీద చెక్కి పెట్టుకున్నాడు. లోరెన్ షోన్‌బర్గ్ అనే సంగీతకారుడు ఏళ్లతరబడి అడిగినా వినిపించలేదు. సావొరీ 2004లో పోయారు. ఆ డిస్కులు ఆయన కొడుకు దగ్గర ఉన్నాయని తెలిసి 2010లో షోన్‌బర్గ్ వెళ్లారు. వెయ్యికి కాస్త తక్కువ డిస్కులు, కొన్ని బూజుపట్టాయి, కొన్ని పొరలు ఊడాయి. హార్లెమ్‌లోని జాతీయ జాజ్ మ్యూజియం వాటిని తీసుకుంది. హక్కుల చిక్కుముడి విప్పి, ప్రజలకు మొదటి విడత అందడానికి 2016 దాకా పట్టింది.

1961 వేసవిలో కోల్ట్రేన్, మరో వాద్యకారుడు ఎరిక్ డాల్ఫీ న్యూయార్క్ విలేజ్ గేట్‌లో వాయించిన టేపులది ఇంకా విచిత్రం. రిచర్డ్ ఆల్డర్సన్ అనే యువ ఇంజనీరు క్లబ్బులో కొత్త సౌండ్ సిస్టం పరీక్షించడానికి ఒకే మైకు పెట్టి పట్టాడు. తర్వాత ఆ టేపులు కనిపించలేదు. బాబ్ డిలన్ రికార్డింగుల కోసం న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో వెతుకుతుంటే బయటపడ్డాయి. 2023లో విడుదలయ్యాయి. సియాటిల్‌లో జో బ్రెజిల్ అనే సాక్సోఫోన్ గురువు 1965 అక్టోబరు 2న కోల్ట్రేన్ ఎ లవ్ సుప్రీమ్ వాయించగా పట్టిన స్పూళ్లు ఆయన పోయాక దొరికాయి, 2021లో వచ్చాయి. అంతకుముందు ఆ కృతి మొత్తం వేదిక మీద వాయించిన రికార్డు ఒక్కటే లోకానికి తెలుసు, అదే ఏడాది జూలైలో ఫ్రాన్స్ రేడియో పట్టింది.

ఈ కథలన్నిటిలోనూ టేపు నిలవడం ఒక ఎత్తు, దాని మీద నిజమైన నాలుగు ముక్కలు నిలవడం ఇంకో ఎత్తు. కార్నెగీ హాల్ డబ్బా మీద తేదీ, పేరు రాసిన ఆ అనామక ఉద్యోగి లేకపోతే ఆపిల్‌బామ్ చేతికి అందినా ఎంతో ఆలస్యంగా అర్థమయ్యేది.

శ్రోతలారా, మన ఇళ్లలోనూ స్పూళ్లు, క్యాసెట్లు ఉన్నాయి. శ్రీరామనవమి పందిట్లో కచేరీ, ఊళ్లో హరికథ, పెళ్లిలో నాదస్వరం, తాతగారు పట్టిన నాటక పద్యాలు. మీ దగ్గర అలాంటిది ఉంటే ఈ వారమే తీసి చూడండి. పాడినవారెవరో, పక్కవాద్యాలెవరివో, ఊరేదో, ఏ సంవత్సరమో, ఎవరు రికార్డు చేశారో కాగితం మీద పెన్సిలుతో రాసి డబ్బాలో పెట్టండి. కచ్చితంగా తెలియని తేదీ దగ్గర తెలియదనే రాయండి, ఊహించి రాయకండి. ఆ సంగతులు చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లను ముందు అడగండి. టేపు బిగిసినా, బూజుపట్టినా మీరే తిప్పడానికి ప్రయత్నించకండి, పని తెలిసినవాళ్లకు ఇవ్వండి. డిజిటల్ కాపీ చేయించాక కూడా అసలు టేపును పారేయకండి.